సైరన్ అక్కకి, ఎడంచేత్తో

తాళాల కొట్టు, వెనక గది
సోమవారం

సైరన్ అక్కకి,

నీ తమ్ముడు ఎడంచేత్తో రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. అక్షరాలు చూసి కోడి తొక్కిందనుకోకు, కోడైతే ఇంతకంటే నీటుగా తొక్కును. చెయ్యి జరిగినచోటల్లా సిరా అలుక్కుపోతోంది. ఆరో క్లాసులో మాస్టారు "నీకు కుడిచెయ్యి ఉన్నా లేనట్టేరా" అన్నాడు గుర్తుందా? ఆ మాటకే కదా నేను బడి ఎగ్గొట్టి తాళాల కొట్లో చేరింది. ఏ నోటితో అన్నాడో మహానుభావుడు, నలభై ఏళ్ళకి నిజమైంది.

ఫోన్ ఎందుకు చెయ్యట్లేదని మీ మరదల్ని కేకలేశావట. చేస్తే ఏమవుతుందో మొన్న చూశాంగా. నా నోట్లోంచి మాట ముద్దముద్దగా వస్తుంది, నువ్వు అర్థమైనట్టు "ఆఁ, ఆఁ" అంటావు, ఆనక ముక్కు చీదుతావు. నీ ముక్కు చప్పుడు వినడానికి నేను ఫోన్ చెయ్యాలా? కాగితం మీద నాకు నంగి లేదు. అందుకే ఉత్తరం.

హాస్పిటల్ వాళ్ళ మాత్రలు మింగుతున్నా, వాళ్ళు చెప్పిన కసరత్తూ చేస్తున్నా. దానికి తోడు ఇప్పుడు చైనా సూదుల వైద్యం. మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపు మేడ మీద ఒకావిడ చేస్తుంది. యాభై దాటి ఉంటాయి. నవ్వడమనేది ఆ మొహానికి ఎవరూ నేర్పినట్టు లేదు. సూదులమ్మ అని పేరు పెట్టేశా.

ముందు మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది. నేను తాళంకప్ప లోపలి పిన్నులు వేలికొసతో ఎలా వినేవాణ్ణో, అచ్చం అలాగే విందక్కా. ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పేసుకున్నా. సరే, అది వదిలెయ్. తర్వాత నాలుక చాపమంది. సందు దొరికింది కదా అని గడ్డందాకా చాపి గుడ్లు తేలేశా. "లోపల పెట్టుకో, చూడ్డం అయిపోయింది" అంది. ఒంట్లో గాలి రేగి తలకెక్కిందట, కుడివైపు దారులన్నీ మూసేసిందట. వీడికి గాలెక్కువని నాన్న ఏనాడో అన్నాడు. ఈవిడ చదువుకుని అంది, అంతే తేడా.

సూదులు వెంట్రుకంత ఉంటాయి. నెత్తి మీద ఆరు, చేతికి ఐదు, కాలికి నాలుగు. ముళ్ళపందిలా పడుకుంటా. ఎడమవైపు గుచ్చితే జివ్వుమంటుంది. కుడివైపు గుచ్చితే పక్కింటాయనకి గుచ్చినట్టుంటుంది.

నేను ఊరుకుంటానా? మొదటి రోజే మెడ వాల్చి, నోరు తెరిచి, ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకున్నా. ఆవిడ కెవ్వుమనలేదు. గుచ్చిన సూదులన్నీ ఒక్కొక్కటే పీకేసింది. "లే, ఇంటికెళ్ళు. ఈ బల్ల మీద మళ్ళీ ఆటలాడితే నా మెట్లెక్కకు. నువ్వు నిజంగా పోయే రోజు నాకెలా తెలియాలి?" అంది. ఒక్కో మెట్టు మీదా కూర్చుని, జారుకుంటూ కిందికి దిగా.

నీ తలనొప్పి ఎలా ఉంది? దానికీ సూదులు వేస్తారట. నువ్వూ వెళ్ళు.

ఆ ఆదివారం సంగతి మాత్రం ఎత్తకు. పెద్ద డాక్టరు నాకు విడిగా చెప్పాడు, ఏ గంటకి తెచ్చినా ఇంతే అయ్యేదని. కాబట్టి ఏడుపులు బంద్.

నీ ముళ్ళపంది


బట్టల ఫ్యాక్టరీ, చెకింగ్ హాలు
టీ వేళ

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. సూదులమ్మ ఎవరోగానీ నీకు తగిన మొగుడు దొరికింది. చచ్చినట్టు పడుకున్నావా? సిగ్గు లేదురా నీకు? ఇంత జరిగాక కూడానా?

సైరన్ అనొద్దు. ఇదివరకైతే నవ్వొచ్చేది. మా ఫ్యాక్టరీ లాకర్లకి తాళాలు బిగిస్తానని వచ్చి మా ఇంట్లో పది రోజులున్నావు. ఆ గురువారం సాయంత్రం టీ తాగుతూ తాగుతూ మూతి ఒక పక్కకి లాగేశావు. గ్లాసు జారిపోయింది. నేను చెప్పులైనా లేకుండా వీధి మొత్తం వినపడేలా అరుచుకుంటూ పరిగెత్తి ఆటో తెచ్చా. గాజు పెంకు కాల్లో దిగింది. తీరా వచ్చి చూస్తే నువ్వు కాలు మీద కాలేసుకుని "ఏమార్చానా!" అన్నావు. ఆటో అతను నీకంటే ముందు నన్ను తిట్టాడు. మీ బావ సైరన్ అని పేరు పెట్టాడు, పిల్లలు అందుకున్నారు. మూడు రోజులు ఇంట్లో ఏ మూల నుంచి విన్నా కుయ్ కుయ్ మని కూతలే.

ఆ మూడు రోజులు గనక లేకపోతే ఆదివారం నేను... సరే, ఎత్తొద్దన్నావుగా.

తలనొప్పి సంగతి అడిగావు. ఇదివరకు నెలకోసారి వచ్చేది. ఇప్పుడు వారానికి రెండు. ముందు ఎడమ కంట్లో రంపం పళ్ళలాగా వెలుగు మొదలవుతుంది. చొక్కా ఎత్తి ట్యూబులైటుకి పట్టి చూస్తే సగం చొక్కా కనపడదు. ఆ తర్వాత కణత మీద మేకు పెట్టి కొడుతున్నట్టే. ఇస్త్రీ ఆవిరి వాసన తగిలితే కడుపులో తిప్పేస్తుంది. చీకటి గదిలో తడిగుడ్డ వేసుకుని పడుకోవాలి, ఫ్యాక్టరీలో చీకటి గది ఎక్కడిది? పోయిన నెల కాజాలు లేని చొక్కాలు మూడు నా చేతి మీదుగా దాటిపోయాయి. సూపర్‌వైజరు రెండుసార్లు కాగితం మీద సంతకం పెట్టించుకుంది. మూడోది పెట్టిస్తే ఈ బల్ల నాది కాదు. ఇరవై రెండేళ్ళుగా నా బల్లరా ఇది.

బస్సు డిపో వెనకాల సూదులు వేసే పెద్దాయన ఉన్నాడట. వెళ్తాలే.

ఒక్కటి చెప్పు, కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయా? ఉన్నదున్నట్టు రాయి.

అక్క


తాళాల కొట్టు
వాన పడుతున్న రోజు

సైరన్ అక్కకి (తిట్టుకో, నోరు నొప్పెడితే నాకేం),

శుభవార్త! పందిరేసి మేళం పెట్టించు. బొటనవేలు కదిలింది! సూదులమ్మ ఈమధ్య సూదులకి చిన్న తీగలు తగిలించి, డబ్బాలోంచి కరెంటు వదులుతోంది. చేప కొట్టుకున్నట్టు వేళ్ళు టపటపమంటాయి. "ఇది కరెంటు ఆడిస్తోంది, నువ్వు కాదు" అంది ఆవిడ. ఆవిడకి కుళ్ళు. డబ్బా ఆపేశాక కూడా కదిలింది, నేను చూశా.

ఒక ఆకు చుట్ట అంటించి మోచేతి దగ్గర సెగ కూడా పెడుతుంది. ఆ పొగకి గదిలో దోమలన్నీ చచ్చాయి, రోగులం మాత్రం బతికే ఉన్నాం. పక్క బల్ల మీద బస్సు కండక్టరు పడుకుంటాడు, ఆయనకీ నాలాగే కుడివైపే పోయింది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి కూడా అవ్వం, ఇద్దరివీ ఎడమలే.

నిన్న ఆకురాయి పట్టుకుని ఒక తాళంచెవి సగం దాకా అరగదీశా. మీ మరదలు చూసి కళ్ళు ఒత్తుకుంది. నమ్మవని తెలుసు, అందుకే ఈ కింద లైను కుడిచేత్తో రాసి పంపుతున్నా:

అక్కా, బాగున్నావా.

చూశావా? వంకరగా ఉంది గానీ చెయ్యి చెయ్యే. ఇక నువ్వు హాయిగా నిద్రపో. తలనొప్పి అదే పోతుంది.

తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
ఆదివారం

తమ్ముడూ,

నేను రోజుకి నాలుగు వందల చొక్కాలు చూస్తాను. ఏ కుట్టు ఏ మిషను మీద పడిందో, కుట్టినమ్మాయి ఆ పూట ఏడ్చిందో నవ్విందో కూడా చెప్తాను. నీ కుడిచేతి లైను కూడా చూశా. ఎడంచేత్తో రాసేవాడి చెయ్యి రాసిన అక్షరం మీదుగా జరుగుతుంది, అందుకే సిరా అలుక్కుంటుంది. కుడిచేత్తో రాస్తే చెయ్యి ముందు పోతుంది, అక్షరం వెనక పడుతుంది. నీ లైను "అక్కా" దగ్గర మొదలై "బాగున్నావా" దాకా అలికి ఉంది.

వేలు కదల్లేదు. అవునా?

పెద్దాయన దగ్గరికి ఎనిమిదిసార్లు వెళ్ళా. కణతల మీద, మెడ వెనక, కాలి బొటనవేలు పక్కన గుచ్చుతాడు. వారానికి రెండుసార్లు వచ్చే నొప్పి ఒక్కసారికి తగ్గింది. దానికి ఆయన చేతికి దండం పెడతా. కానీ ఆయన గోడ మీద ఒక అట్ట తగిలించాడు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నా దగ్గరికి రావద్దు, ఆ నిమిషమే పెద్ద హాస్పిటల్‌కి పరిగెత్తండి, నాలుగు గంటలు దాటితే ఎక్కించాల్సిన మందు ఎక్కించలేరు, అని ఉంది అందులో. సూదులు గుచ్చుకుని కదలకుండా ఇరవై నిమిషాలు ఆ అట్టనే చూస్తూ పడుకుంటా. ఎనిమిది ఇరవైలు చూశానురా.

నువ్వు వద్దన్నా ఎత్తుతా. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నువ్వు కుర్చీలో కూర్చున్నావు, మూతి జారింది. మళ్ళీ అదే మొహం. నేను నడుం మీద చేతులేసుకుని "ఈసారి నేను పడనురోయ్" అన్నా. నీ కుడిచేతిలో గరిటె పెట్టింది నేను. నెత్తిన గిన్నె బోర్లించింది నేను. పిల్లల్ని కేకేసి "రండర్రా, మామయ్య నాటకం రెండో ఆట" అన్నది నేను. మీ బావ ఫోటో తీశాడు. అందులో గోడ గడియారం ఎనిమిదీ పన్నెండు. నేను పళ్ళికిలించి నవ్వుతున్నా.

తర్వాత వంట చేసుకున్నా. బట్టలు ఆరేసుకున్నా. నీ ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో! పన్నెండున్నరకి కుర్చీ కింద తడి చూశా.

నువ్వు అలాంటి ఆట ఆడవు. అప్పుడు తెలిసింది.

పెద్ద డాక్టరు నీకేం చెప్పాడు? నన్ను కాపాడొద్దు. ఎనిమిదింటికి తీసుకెళ్ళి ఉంటే నీ చెయ్యి ఉండేదా?

అక్క


తాళాల కొట్టు, వెనక గది

అక్కా,

మూడు కాగితాలు చింపా. ఇది నాలుగోది.

వేలు కదల్లేదు. ఆకురాయి పట్టలేదు. ఆ లైను ఎడంచేత్తోనే రాశా, నిన్ను ఏమార్చగలననుకున్నా.

డాక్టరు చెప్పింది ఇది. తొందరగా తెచ్చి ఉంటే మందు ఎక్కించేవాళ్ళం, చెయ్యి దక్కే అవకాశం చాలా ఉండేది, అన్నాడు. నువ్వు తలుపవతల నిలబడి ఉన్నావు అప్పుడు. నీకు చెప్పొద్దని సైగ చేశా.

ఇదొక్కటే అయితే ఇంత సిరా ఖర్చు పెట్టను. ఇంకోటుంది. ఏడు నెలల నుంచి ఇది పళ్ళ కింద రాయిలా ఉంది, మింగలేను, ఉయ్యలేను.

గురువారం నేను ఆట ఆడలేదక్కా.

టీ తాగుతుంటే చెయ్యి నాది కాకుండా పోయింది. గ్లాసు జారిపోవడం కనపడింది గానీ తెలియలేదు. నోరు లాగేసింది. నువ్వు అరుస్తూ బయటికి పరిగెత్తావు. పదో, పదిహేనో నిమిషాలు. నిద్రపట్టిన కాలు తిమ్మిరి వదిలినట్టు మెల్లగా అంతా తిరిగొచ్చేసింది. వేళ్ళు ముడిచి చూసుకున్నా, ముడుచుకున్నాయి. అప్పుడే నువ్వు గుమ్మంలోకొచ్చావు. కాలి నుంచి రక్తం, వెనకాల ఆటో అతను, పిల్లలు గుక్కపట్టి ఏడుపు. నాకు ఎంత భయమేసిందంటే, చెప్పలేను. భయమేస్తే నాకు చేతనైంది ఒక్కటే కదా. "ఏమార్చానా!" అన్నా.

ఒక్క మాట. ఆ ఆటో గుమ్మంలోనే ఉంది. ఎక్కి కూర్చుంటే అయిపోయేది.

ఆ రాత్రి నువ్వు ఏడుస్తూ పడుకున్నావని బావ చెప్తే కూడా నోరు విప్పలేదు. పైగా పిల్లలతో కలిసి కుయ్ కుయ్ మన్నా. అంటే ఆదివారం నిన్ను నవ్వించింది నేనే. ఆ మొహం ఆట అని నీకు నేర్పింది నేనే, మూడు రోజులు కూర్చోబెట్టి మరీ నేర్పా.

నువ్వు గరిటె పెట్టినప్పుడు నాకన్నీ తెలుస్తున్నాయి. చెబ్దామంటే నోరు రాలేదు. బాగున్న ఎడంచెయ్యి ఎత్తి ఊపా. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇన్ని నెలలు నువ్వు అది నీ తప్పని మోస్తుంటే చూస్తూ కూర్చున్నా. నాకు మొహం చెల్లలేదు. సూదులమ్మకి పోయినవారం చెప్పా. సూది సగంలో ఆపింది. "ఇది నాకెందుకు చెప్తున్నావు? మీ అక్కకి చెప్పు" అంది. తర్వాత మిగతా సూది గుచ్చింది.

తమ్ముడు


తాళాల కొట్టు
పది రోజుల తర్వాత

అక్కా,

ఉత్తరం అందిందా? తిట్టైనా రాయి. బండబూతులు రాసినా సరే. పోస్టతను మా కొట్టు ముందు నుంచి పోతుంటే మీ మరదలు నా మొహం చూడ్డం మానేసింది.

తమ్ముడు


బట్టల ఫ్యాక్టరీ, ప్యాకింగ్ గది

తమ్ముడూ,

నలభై రోజులు పట్టింది నాకు.

మొదట నమ్మలేదు. నా మీద జాలితో అల్లిన కథ అనుకున్నా. నువ్వు ఎన్నిసార్లు చచ్చావు, ఎన్నిసార్లు లేచావు, అది కూడా అలాంటిదే అనుకున్నా. నీ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నీ మాట తప్ప నా దగ్గర ఏముంది?

అప్పుడు టీ గుర్తొచ్చింది.

పొయ్యి మీద నుంచి దించి నీ చేతికిచ్చిన టీ అది. గ్లాసు జారితే మొత్తం నీ కుడి తొడ మీద పడింది. నువ్వు ఉలిక్కిపడలేదు. చిన్నప్పుడు చీమ కుడితే ఇల్లు లేపేవాడివి. శుక్రవారం పొద్దున నీ తొడ మీద అరచేతంత బొబ్బ ఉంది. మందు రాసింది నేనే. రాస్తూ "ఆట కోసం తొడ కాల్చుకునేవాణ్ణి నిన్నే చూశాను" అన్నా. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. మంట తెలియని మనిషికి ఏమై ఉంటుందని నేను అడగలేదు.

చొక్కా అంచులో ఒక్క పోగు తప్పితే పట్టుకునేదాన్ని.

నిజం తెలిస్తే తలనొప్పి పోతుందనుకున్నా. పోలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే మొదలై మూడు రోజులుంది. మూడో సంతకం అయిపోయింది. బల్ల ఇంకొకరిది. నన్ను ప్యాకింగ్‌లో వేశారు, ఇక్కడ లైట్లు తక్కువ, చూడాల్సిన పని లేదు, మడవడమే. పెద్దాయన సూదులు మానలేదు. నొప్పి వారానికి ఒక్కసారి దగ్గరే ఆగింది. ఇంతకంటే తగ్గుతుందని మాట ఇవ్వలేనన్నాడు.

కోపం చాలా ఉందిరా. బొబ్బ పెట్టుకుని నా ఎదురుగా నవ్వుతూ కూర్చున్న మూడు రోజులకి కోపం. ఆ తర్వాత ఏడు నెలలకి ఇంకా కోపం. క్షమించానని రాయలేను. నన్ను క్షమించమని కూడా అడగలేను, ఆ నాలుగున్నర గంటలు ఎవరు ఏం చెప్పినా నావే.

ఆ ఫోటో చెరపలేదు. చెరపను.

నీ చెయ్యి సంగతి నిజం రాయి. ఈసారి అబద్ధం రాస్తే ఇదే నా ఆఖరి ఉత్తరం.

అక్క


తాళాల కొట్టు, వెనక గది
గురువారం

అక్కా,

నిజం రాస్తున్నా. మీ మరదలు పక్కన కూర్చుని ప్రతి మాటా చదువుతోంది, అబద్ధమైతే వేలు పెట్టి చూపిస్తానంది.

వేళ్ళు రాలేదు. మొన్న సూదులమ్మ అరచెయ్యి తెరిచి, ఒక్కో వేలి కొసా నొక్కి, చాలాసేపు చూసింది. "ఇవి ఇక రావు. వస్తాయని చెప్పి నిన్ను మెట్లెక్కించడం నాకిష్టం లేదు" అంది. భుజం నొప్పి మాత్రం సూదులకి తగ్గింది. రాత్రుళ్ళు పడుకోగలుగుతున్నా. కాలు కాస్త ఈడ్చుకుంటూ కర్ర మీద నడుస్తున్నా. అంతే, ఇంకేం లేదు. నెలకి రెండుసార్లు భుజం కోసం రమ్మంది. మాత్రలు మాత్రం బతికున్నంత కాలం మింగాలట. కండక్టరు పోయాడు, పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆయన బల్ల ఖాళీగా ఉంది. ఎవరూ దాని మీద పడుకోవట్లేదు.

మీ మరదలు ఆకురాయి పట్టింది. నేను చెప్తా, ఆవిడ అరగదీస్తుంది. మొన్నటిదాకా ఒక్క తాళమూ తెరుచుకోలేదు, నిన్న ఒకటి తెరుచుకుంది. నా వైపు చూసింది, నేను వేళాకోళం చెయ్యలేదు. చెయ్యకపోతే ఏడ్చింది. ఏం చేసినా తంటానే.

నువ్వు నాలుగున్నర గంటలు నీవే అన్నావు. గురువారం నుంచి ఆదివారం దాకా మూడు రోజులు నావి. నీవి నువ్వు ఉంచుకో, నావి నేను ఉంచుకుంటా.

ఈ కింద ఒక గీత ఉంది. అది కుడిచేత్తో పెట్టా. వేళ్ళు పెట్టింది కాదు, మీ మరదలు నా పిడికిట్లో పెన్ను ఇరికించి కట్టింది, నేను భుజం ఈడిస్తే పడింది. అలుక్కోలేదు, చూసుకో. కాగితం మీద నన్ను నమ్మొద్దు. వచ్చి నీ కళ్ళతో చూడు.

ఈసారి చెప్పులేసుకుని రా.

తమ్ముడు

_______________